పన్నెండు అంకెల సంఖ్యను చేతితో పరిశీలించే పద్ధతి: 506002506002 ఆధారంగా

వరంగల్ నగరానికి రాసే ఉత్తరం మీద చిరునామా చివర 506002 అన్న పిన్ కోడ్ ఉంటుంది. ఆ ఆరు అంకెలనే పక్కపక్కన రెండుసార్లు రాస్తే 506002506002 అనే పన్నెండు అంకెల పూర్ణాంకం వస్తుంది. మన పద్ధతిలో కామాలు పెడితే అది 5,06,00,25,06,002 అవుతుంది. యాభై వేల ఆరు వందల కోట్ల ఇరవై అయిదు లక్షల ఆరు వేల రెండు అని చదవాలి. ఈ సంఖ్య ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా, దాని కారణాంకాలు ఏవి, అవి ఎన్ని, వాటి మొత్తం ఎంత, అది వర్గమా, రెండు వర్గాల మొత్తమా అన్న ప్రశ్నలన్నిటికీ కాగితం, పెన్ను, పదో తరగతి గణితం, కొంత ఓపిక ఉంటే గంటలోపు జవాబులు రాబట్టవచ్చు. ఎలా రాబట్టాలో ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను.

నేను హనుమకొండలో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇంత పెద్ద సంఖ్యను బోర్డు మీద రాయగానే సగం మంది పిల్లల చేయి ఫోన్ వైపు వెళ్తుంది. ఫోన్ జవాబు ఇస్తుంది, కాదనను. కానీ ఆ జవాబు ఎందుకు అలా వచ్చిందో చెప్పదు. పైగా పది అంకెలు మాత్రమే పట్టే క్యాలిక్యులేటర్ ఈ సంఖ్యను పూర్తిగా చూపలేదు. ఎక్సెల్ కూడా 15 సార్థక అంకెలు దాటిన సంఖ్యలో మిగిలిన అంకెలను సున్నాలుగా మార్చేస్తుంది. విభాజ్యతను పరీక్షించేటప్పుడు చివరి అంకె ఒక్కటి మారినా మొత్తం ఫలితం తప్పుతుంది కాబట్టి చేతిలెక్క రావడం అవసరమని నా గట్టి నమ్మకం.

మొదట చేయవలసింది: మూడు రకాలుగా రాసుకోవడం

భాగహారం మొదలుపెట్టే ముందు సంఖ్యను మూడు రకాలుగా రాసుకోండి. మొదటిది చదవడానికి: లక్షలు, కోట్లు తెలిసేలా మన కామాలతో 5,06,00,25,06,002. రెండవది ఒకట్ల స్థానం నుంచి మూడేసి అంకెల జట్లుగా: 506 | 002 | 506 | 002. మూడవది ఒకట్ల స్థానం నుంచి రెండేసి అంకెల జట్లుగా: 50 | 60 | 02 | 50 | 60 | 02. మన కామాలు వేల దగ్గర మూడు అంకెలను, ఆపైన రెండేసి అంకెలను విడదీస్తాయి. కనుక చదవడానికి పెట్టిన కామాలను పరీక్షలకు వాడుకోలేము. చాలామంది పిల్లలు ఇక్కడే పొరపడతారు. కామాలు లేకుండా మళ్లీ రాసి, కుడి నుంచి ఎడమకు గీతలు గీసుకుంటూ పోవాలి. జట్టులో ముందున్న సున్నాలను వదిలేయకూడదు. 002 అన్నది మూడు అంకెల జట్టే.

ఇలా రాసుకోగానే ఒక విషయం కంటికి తెలిసిపోతుంది. మూడేసి జట్లలో 506, 002 అన్న జంట రెండుసార్లు వచ్చింది. రెండు గుడ్డముక్కలను కలిపి కుట్టినచోట అతుకు కనిపించినట్టు, ఈ సంఖ్యకు సరిగ్గా మధ్యలో అతుకు కనిపిస్తుంది. పెద్ద సంఖ్యను చూసినప్పుడు మొదట వెతకవలసింది ఈ అతుకునే. దాని సంగతికి కాసేపట్లో వస్తాను; ముందు చిన్న పరీక్షలు పూర్తి చేద్దాం.

శేషాలు రాబట్టడం

ఒకట్ల స్థానంలో 2 ఉంది కాబట్టి ఇది సరి సంఖ్య. చివరి రెండు అంకెలు 02ను 4తో భాగిస్తే శేషం 2, కాబట్టి 4తో భాగింపబడదు. చివర 0 గాని 5 గాని లేదు కనుక 5తో భాగింపబడదు. ఏ పూర్ణాంకం వర్గమైనా 2తో అంతం కాదు కనుక ఇది పరిపూర్ణ వర్గం కాదని కూడా ఇక్కడే రాసేసుకోవచ్చు.

అంకెల మొత్తం 5+0+6+0+0+2 రెండుసార్లు, అంటే 26. దీన్ని 9తో భాగిస్తే శేషం 8, 3తో భాగిస్తే శేషం 2. కనుక 3తోనూ 9తోనూ భాగింపబడదు. పదిని తొమ్మిదితో భాగిస్తే శేషం 1, వందకూ 1, వెయ్యికీ 1. అందుకే స్థానం ఏదైనా అంకె విలువ ఒక్కటే మిగులుతుంది. ఈ కారణం తెలిసిన పిల్లవాడు మిగతా సూత్రాలను కంఠస్థం చేయనవసరం లేదు, తానే తయారు చేసుకోగలడు.

ఉదాహరణకు 1001ని తీసుకుందాం. 1001 = 7 × 11 × 13. వెయ్యి అన్నది దీనికన్నా ఒకటి తక్కువ. కనుక మూడేసి అంకెల జట్లను కుడి నుంచి ఒకదాన్ని కూడుతూ, తరువాతిదాన్ని తీసివేస్తూ పోతే 7, 11, 13 మూడింటి శేషాలూ ఒకే లెక్కలో దొరుకుతాయి. మన సంఖ్యకు 2 − 506 + 2 − 506 = −1008. ఇందులో 1008 = 7 × 144; కనుక సంఖ్య 7తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. −1008కి 11 × 92, అంటే 1012 కలిపితే 4. కనుక 11తో శేషం 4. అలాగే 13 × 78, అంటే 1014 కలిపితే 6. కనుక 13తో శేషం 6. అవే జట్లను తీసివేయకుండా అన్నిటినీ కూడితే 1016 వస్తుంది. అందులోంచి 999 తీస్తే 17 మిగులుతుంది. 999 = 27 × 37 కాబట్టి 37తో శేషం 17 అన్నమాట. ఈ శేషాలను కాగితం అంచున రాసిపెట్టుకోండి, 13, 37 శేషాలు తరువాత మన పని తగ్గిస్తాయి.

రెండేసి జట్లతో 101ని పరీక్షించవచ్చు, ఎందుకంటే వంద 101 కన్నా ఒకటి తక్కువ. కుడి నుంచి 02 − 60 + 50 − 02 + 60 − 50 = 0. కనుక 101 కూడా దీని కారణాంకమే. ఇది కాకతాళీయం కాదు.

భాగఫలంలో సున్నా

ఇక్కడ భాగహారం గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్లాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఇటువంటి రెట్టింపు సంఖ్యనే 7తో భాగించమని బోర్డు దగ్గరికి పిలిచారు. ఎక్కాలు బాగా వచ్చు కనుక ధైర్యంగా మొదలుపెట్టాను. అదే లెక్కను ఈ సంఖ్య మీద చూపుతాను. 50లో ఏడు ఏళ్లు 49, మిగిలేది 1. 6 దించితే 16, అందులో 2 వేసి 14 పోతే 2. 0 దించితే 20, 2 వేస్తే మిగిలేది 6. మళ్లీ 0 దించితే 60, 8 వేస్తే మిగిలేది 4. 2 దించితే 42, 6 వేస్తే ఏమీ మిగలదు. ఇంతవరకు భాగఫలం 72286. తరువాత 5 దించాలి. అయిదులో ఏడు పోదు. కనుక భాగఫలంలో 0 వేసి, ఆ తరువాతే పక్క 0 దించి 50 చేయాలి. ఆ సున్నా వేయడం నేను మరిచిపోయాను. ఆపైన పాత అంకెలే మళ్లీ వచ్చాయి, చివర శేషం సున్నా కూడా వచ్చింది. నిజమైన భాగఫలం 72286072286, పదకొండు అంకెలు. నేను రాసిన తరహా భాగఫలం 7228672286, పది అంకెలు.

తప్పు దొరికినప్పటికన్నా, సరిచూసుకున్నా అది దొరకకపోవడం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. తొమ్మిదులు తీసివేసే పద్ధతిలో నేను సరిచూశాను కూడా. ఇక్కడి అంకెలతోనే చూడండి. తప్పు భాగఫలం అంకెల మొత్తం 50, తొమ్మిదితో శేషం 5. దాన్ని 7తో గుణిస్తే 35, శేషం 8. అసలు సంఖ్య శేషమూ 8. అన్నీ సరిపోయాయి. సున్నా ఉన్నా లేకపోయినా అంకెల మొత్తం మారదు కాబట్టి ఈ పరీక్షకు పోయిన సున్నా ఎన్నటికీ కనబడదు.

పదకొండు పరీక్షకు అది కనబడుతుంది, ఎందుకంటే ఒక సున్నా పోతే దాని ఎడమవైపు ఉన్న అంకెలన్నిటికీ కూడిక, తీసివేత గుర్తులు తారుమారవుతాయి. తప్పు భాగఫలానికి కుడి నుంచి 6−8+2−2+7−6+8−2+2−7 = 0; దాన్ని 7తో గుణించినా సున్నాయే, కానీ అసలు సంఖ్యకు శేషం 4 రావాలి. సరైన భాగఫలానికి 6−8+2−2+7−0+6−8+2−2+7 = 10; 7 × 10 = 70, దాన్ని 11తో భాగిస్తే శేషం 4. అందుకే పెద్ద సంఖ్యలతో పని చేసేవారు 9తో ఒకసారి, 11తో ఒకసారి, రెండుసార్లూ సరిచూడాలి. దానికి ముందు అంకెలు లెక్కపెట్టాలి: పన్నెండు అంకెల సంఖ్య 7 కన్నా చిన్న అంకెతో మొదలైతే, 7తో భాగించగా పదకొండు అంకెల భాగఫలం రావాలి. ఇప్పటికీ మా పిల్లలు భాగఫలంలో సున్నా వేసినప్పుడు దాని చుట్టూ చిన్న గుండ్రం గీయమంటాను.

అతుకు విప్పడం

ఆరు అంకెల గుంపును రెండుసార్లు రాయడమంటే, దాన్ని ఒకసారి పది లక్షలతో గుణించి మళ్లీ దాన్నే కలపడం. కనుక 506002506002 = 506002 × 10,00,001. పిల్లలందరికీ తెలిసిన ఆటకు ఇది పెద్ద రూపం: మూడు అంకెల సంఖ్యను దేన్నైనా రెండుసార్లు రాసి 7తో, 11తో, 13తో వరుసగా భాగిస్తే మొదటి సంఖ్యే మిగులుతుంది, ఎందుకంటే అది 1001తో గుణించినట్టే. నాలుగు అంకెలను రెట్టింపు చేస్తే గుణించే సంఖ్య 10001 = 73 × 137; అయిదు అంకెలను చేస్తే 1,00,001 = 11 × 9091. మన విషయంలో అది 10,00,001.

దీన్ని విడగొట్టడానికి భాగహారం అక్కరలేదు. పది లక్షలు అంటే వంద యొక్క ఘనం. రెండు ఘనాల మొత్తానికి తొమ్మిదో తరగతిలో చదివిన సర్వసమీకరణం ప్రకారం, ఒక సంఖ్య ఘనానికి 1 కలిపితే వచ్చేది, ఆ సంఖ్యకు 1 కలిపినదానితో తప్పక భాగింపబడుతుంది; మిగిలిన కారణాంకం ఆ సంఖ్య వర్గంలోంచి ఆ సంఖ్యను తీసివేసి 1 కలిపినది. వందను ఆ స్థానంలో పెడితే 101, ఇంకా 10000 − 100 + 1 = 9901. అంటే 10,00,001 = 101 × 9901. రెండేసి జట్ల పరీక్షలో సున్నా ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

ఈ మెట్టు ఎంత పని తప్పించిందో గమనించాలి. 7,11,338 వర్గం మన సంఖ్యకన్నా చిన్నది, 7,11,339 వర్గం పెద్దది. అతుకును చూడకుండా చిన్న ప్రధాన సంఖ్యలతో గుడ్డిగా భాగిస్తూ పోతే, ఏదీ పోనిపక్షంలో 7,11,338 వరకు పరీక్షించవలసి వచ్చేది. ఆ హద్దులో యాభై వేలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. ఇప్పుడు మన ముందున్నవి రెండు చిన్న పనులు: 506002ను విడగొట్టడం, 9901 ప్రధాన సంఖ్యో కాదో తేల్చడం.

మొదటి పని. 506002 = 2 × 253001, ఇంకా 253001 = 7 × 36143. 36143 మీద మళ్లీ 7తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఒకే కారణాంకం రెండుసార్లు ఉండవచ్చు. 7కు శేషం 2, పోదు. 190 వర్గం 36100, 191 వర్గం 36481 కనుక 190 దాటి వెళ్లనవసరం లేదు. 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43 ఏవీ పోవు; 47 దగ్గర 47 × 769 = 36143 అని సరిగ్గా తెగుతుంది. 769 కోసం కొత్తగా ఏమీ చేయనక్కరలేదు. 47 కన్నా చిన్న ప్రధాన సంఖ్య ఏదైనా 769ను భాగిస్తే అది 36143ను కూడా భాగించేది, అలాంటిది లేదని ఇప్పుడే చూశాం. 47 వర్గం 2209, అది 769ను దాటిపోయింది. కనుక 769 ప్రధాన సంఖ్యే. ఒకసారి చేసిన పరీక్షను రెండోసారి చేయకుండా వాడుకోవడం ఈ పద్ధతిలో నాకు చాలా ఇష్టమైన భాగం.

రెండవ పని. 100 వర్గం 10000 కనుక 9901కి 97 వరకు చూస్తే చాలు. వందలోపు ప్రధాన సంఖ్యలు 25, వాటన్నిటితో భాగించవచ్చు. కానీ 1640లో ఫెర్మా చెప్పిన చిన్న సిద్ధాంతం తెలిస్తే వాటిలో ఇరవై మాయమవుతాయి. 9901ని భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉందనుకుందాం. అది 10,00,001ని కూడా భాగిస్తుంది. అంటే ఆ ప్రధాన సంఖ్యతో భాగించినప్పుడు 10 యొక్క ఆరవ ఘాతానికి శేషం −1, పన్నెండవ ఘాతానికి శేషం 1. 10 యొక్క ఘాతాలను వరుసగా భాగిస్తూ పోతే శేషం మొదటిసారి 1 వచ్చే ఘాతం 12ను భాగించాలి గాని 6ను భాగించకూడదు; అలాంటివి 4, 12 మాత్రమే. అది 4 అయితే 100కు శేషం −1 కావాలి, అప్పుడు ఆ ప్రధాన సంఖ్య 101ని భాగించాలి. 101 తానే ప్రధాన సంఖ్య, మన హద్దుకు బయట ఉంది. కనుక అది 12. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీస్తే వచ్చేది ఈ ఘాతానికి గుణిజం కావాలి. అంటే మనం చూడవలసిన ప్రధాన సంఖ్యను 12తో భాగిస్తే శేషం 1 రావాలి. వందలోపు అటువంటివి 13, 37, 61, 73, 97 అనే అయిదే. వీటిలో 13తో శేషం 6 అని, 37తో శేషం 17 అని మొదట్లోనే కాగితం అంచున రాసుకున్నాం. మొత్తం సంఖ్యనే భాగించనివి దాని కారణాంకాన్ని భాగించలేవు. మిగిలినవి మూడు. 61 × 162 = 9882, శేషం 19; 73 × 135 = 9855, శేషం 46; 97 × 102 = 9894, శేషం 7. మూడు భాగహారాలతో 9901 ప్రధాన సంఖ్య అని రుజువైంది.

కనుక 506002506002 = 2 × 7 × 47 × 101 × 769 × 9901.

అతుకు కనిపించని సంఖ్య వస్తే ఏం చేయాలని పిల్లలు అడుగుతారు. చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ పోవడం తప్ప చేతితో చేయగలిగిన దగ్గరి దారి అన్నిసార్లూ ఉండదు. ఫెర్మా సిద్ధాంతాన్ని తిప్పి పరీక్షగా వాడవచ్చు గాని, అది సంయుక్త సంఖ్య అని తేల్చినప్పుడు మాత్రమే నమ్మదగినది. ఉదాహరణకు 2 యొక్క పదవ ఘాతం 1024 = 3 × 341 + 1; కనుక 2 యొక్క 340వ ఘాతాన్ని 341తో భాగించినా శేషం 1 వస్తుంది, పరీక్ష నెగ్గుతుంది; అయినా 341 = 11 × 31.

కారణాంకాల నుంచి మిగతా ధర్మాలు

ఆరు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. ఒక కారణాంకాన్ని తయారు చేసేటప్పుడు ఈ ఆరింటిలో ప్రతిదాన్నీ తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. కనుక మొత్తం కారణాంకాలు 2ను ఆరుసార్లు గుణించినన్ని, అంటే 64. వీటిలో బేసివి 32, సరివి 32. వాటన్నిటి మొత్తం కావాలంటే ఒక్కొక్క ప్రధాన సంఖ్యకు ఒకటి కలిపి గుణించాలి: 3 × 8 × 48 × 102 × 770 × 9902 = 8,95,91,39,48,160. ఇందులోంచి సంఖ్యను తీసివేస్తే 3,89,91,14,42,158 మిగులుతుంది. తనను మినహాయించిన కారణాంకాల మొత్తం తనకన్నా తక్కువ కనుక ఇది న్యూన సంఖ్య. 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్య కాదు. ఒక్కొక్క ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసి గుణిస్తే, ఈ సంఖ్యకన్నా చిన్నవై దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్నో వస్తుంది: 1 × 6 × 46 × 100 × 768 × 9900 = 2,09,84,83,20,000.

వర్గాల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. రెండు వర్గాల తేడాగా దీన్ని రాయలేము. రెండు సంఖ్యల మొత్తం, తేడా రెండూ సరివో రెండూ బేసివో అవుతాయి. వాటి లబ్ధం బేసిగా ఉంటుంది, లేదా 4తో భాగింపబడుతుంది. మనది ఆ రెండూ కాదు. రెండు వర్గాల మొత్తంగానూ రాయలేము, ఎందుకంటే 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్యలు ఏవి ఉన్నా అవి సరిసంఖ్యలో రావాలి. ఇక్కడ 7, 47 ఒక్కొక్కసారే వచ్చాయి. కానీ మిగిలిన బేసి ప్రధాన సంఖ్యలు మూడూ అలా రాయదగినవే: 101 = 10² + 1², 769 = 25² + 12², 9901 = 99² + 10². వీటిలో 101నూ 9901నూ గుణించినప్పుడు వచ్చే 10,00,001 రెండు విధాలుగా వర్గాల మొత్తమవుతుంది. ఒకటి 1000² + 1², ఎవరికైనా తట్టేది. రెండవది 980² + 199². 9,60,400కు 39,601 కలిపి మీరే చూసుకోండి. దీన్ని మొదటిసారి కాగితం మీద చూసిన రోజు నేను మూడుసార్లు కూడి చూశాను.

వరుస సంఖ్యల మొత్తంగా రాయడం తేలిక. 7తో భాగించగా వచ్చిన 72286072286ను మధ్యలో పెట్టి, ముందు మూడు, వెనుక మూడు సంఖ్యలు తీసుకుంటే ఆ ఏడు వరుస సంఖ్యల మొత్తం మన సంఖ్యే. నాలుగు వరుస సంఖ్యలతో అయితే 126500626499 నుంచి 126500626502 వరకు. ధన పూర్ణాంకాలతో ఇలా ఎన్ని విధాలుగా రాయవచ్చో బేసి కారణాంకాల సంఖ్య చెబుతుంది: అవి 32, సంఖ్య ఒక్కటే ఉన్న పద్ధతిని తీసేస్తే 31 విధాలు.

పొరుగు సంఖ్యలతో పోల్చడం

ఒక సంఖ్య ధర్మాలు మరొక సంఖ్య పక్కన పెట్టినప్పుడు బాగా తెలుస్తాయి. కరీంనగర్ పిన్ కోడ్ 505001. దాన్ని కూడా రెట్టింపుగా రాసి, రెండు పన్నెండు అంకెల సంఖ్యల గ.సా.భా. కనుక్కుందాం. రెండింటిలోనూ 10,00,001 ఉంది కనుక ఆరు అంకెల సంఖ్యల గ.సా.భా. చూస్తే సరిపోతుంది. యూక్లిడ్ పద్ధతిలో 506002లోంచి 505001 తీస్తే సరిగ్గా 1001 వస్తుంది. 505001ని 1001తో భాగిస్తే శేషం 497; 1001ని 497తో భాగిస్తే శేషం 7; 497 = 7 × 71. కనుక గ.సా.భా. 7, పెద్ద సంఖ్యలకు అది 70,00,007. ఈ పద్ధతికి ఏ సంఖ్య కారణాంకాలూ ముందుగా తెలియనక్కరలేదు. విడగొడితే 505001 = 7 × 19 × 3797. ఈ 3797ను కుడివైపు నుంచి ఒక్కొక్క అంకె చెరిపేస్తూ పోతే 379, 37, 3. ఎడమవైపు నుంచి చెరిపేస్తే 797, 97, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే. రెండువైపులా ఇలా నిలిచే ప్రధాన సంఖ్యలు మొత్తం మీద 15 మాత్రమే, వాటిలో పెద్దది 7,39,397. అటువంటిదొకటి కరీంనగర్ ఉత్తరాల మీద దాగి ఉందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

వరంగల్ ఎన్‌ఐటీ పిన్ కోడ్ 506004 మన 506002 కన్నా రెండే ఎక్కువ, స్వభావం మాత్రం పూర్తిగా వేరు. 506004 = 2 × 2 × 3 × 149 × 283. ఇందులో 2 రెండుసార్లు వచ్చింది కనుక కారణాంకాలను లెక్కించేటప్పుడు 2కు మూడు ఎంపికలుంటాయి: రెండూ వదలడం, ఒకటి తీసుకోవడం, రెండూ తీసుకోవడం. అందువల్ల కారణాంకాలు 3 × 2 × 2 × 2 = 24. ఇది 12కు గుణిజం. 12 కారణాంకాలు 1, 2, 3, 4, 6 కలిపితే 16, తనను మించిపోతాయి. అటువంటి సంఖ్య గుణిజాలన్నీ కూడా తమను మించే కారణాంకాల మొత్తం కలవే. కాబట్టి పూర్తిగా విడగొట్టకముందే, 12తో పోతుందని తెలిసిన క్షణాన, ఇది న్యూన సంఖ్య కాదని రాసేయవచ్చు.

హనుమకొండ 506001ని మీకు అభ్యాసంగా వదులుతున్నాను. అంకెల మొత్తం 12 కనుక 3 పోతుంది, 168667 మిగులుతుంది. ఆ తరువాత ఓపిక కావాలి: 36వ ప్రధాన సంఖ్య అయిన 151 దగ్గరకు వచ్చేవరకు ఏదీ పోదు. 151తో భాగిస్తే 1117 వస్తుంది. అది ప్రధాన సంఖ్య అని చెప్పడానికి ఇంకొక్క భాగహారం కూడా అవసరం లేదు, కారణం 769 దగ్గర చూసినదే. రెట్టింపుగా రాసి 506001506001 చేస్తే దానికెన్ని కారణాంకాలుంటాయో లెక్కించి, భాగఫలాలను 9తోనూ 11తోనూ సరిచూసుకోండి; 3తో భాగించినప్పుడు వచ్చే 168667168667లో ఈసారి మధ్యన సున్నా పడదు.